నాన్న 63 ఏళ్ళకి పేకాట మొదలుపెట్టారు. బుద్ధి మారిందా, మెదడు మారిందా?

తెనాలి_పెద్దోడు
మా నాన్న వయసు 63. ముప్పై నాలుగేళ్ళు గుమాస్తా ఉద్యోగం చేసి రిటైరయ్యారు. టీ మీద రెండు రూపాయలు పెంచారని కొట్టు మార్చిన మనిషి. సంక్రాంతికి అందరం చేరి సరదాగా ముక్కలు పంచుకుంటే "ఆ దరిద్రాన్ని నా గుమ్మంలోకి తేకండి" అని లేచి వెళ్ళిపోయేవారు. నాలుగేళ్ళ క్రితం పార్కిన్సన్స్ అని తేలింది. కుడిచెయ్యి వణుకు, నడకలో బిగుసుకుపోవడం. మందులు వాడుతున్నారు. నడక చాలా బాగుపడింది కూడా.

పోయిన నెల అమ్మ ఫోన్‌కి బ్యాంకు మెసేజ్ వచ్చింది. లక్షా ఎనభై వేల ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరకుండానే తీసేశారు. అడిగితే "స్నేహితుడికి అవసరమైంది" అన్నారు. ఆరా తీస్తే ఊరి చివర తోటలో పేకాట. పొద్దున టిఫిన్ అయ్యాక వాకింగ్ అని వెళ్ళి చీకటి పడ్డాక వస్తున్నారు. ఇది చాలదన్నట్టు అటక మీద గొడుగులు దొరికాయి. లేబుళ్ళు కూడా తీయని కొత్త గొడుగులు, 14.

బాబాయి అంటాడు, "లోపల ఎప్పటినుంచో ఉన్న బుద్ధే, ఇప్పుడు బయటపడింది" అని. అమ్మ మూడు రోజులుగా ఆయనతో మాట్లాడటం లేదు. నాకైతే ఆయన ముఖం పెట్టుకుని వేరే ఎవరో ఇంట్లో తిరుగుతున్నట్టుంది. మీలో ఎవరింట్లోనైనా ఇలా జరిగిందా?

గోదారి_గట్టు
14 గొడుగులా! తెనాలిలో అంత వానలు పడుతున్నాయా?

సందేహాల_రాయుడు
మీ బాబాయి చెప్పిందే సబబుగా ఉంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పరువు భయం. రిటైరయ్యాక భయం పోయింది, చేతిలో డబ్బుంది, చేయడానికి పని లేదు. దీనికి మెదడూ నరాలూ అని పెద్ద పేర్లు ఎందుకు?

మాత్రల_మనిషి
పెద్దోడూ, ఒక్క ప్రశ్న. మందుల చీటీలో ప్రమిపెక్సోల్ గానీ రోపినిరోల్ గానీ ఉందా? పైన పెద్దక్షరాల పేరు కాదు. స్ట్రిప్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాల్లో చూడండి.

తెనాలి_పెద్దోడు
రెండు రకాలు వేసుకుంటారు. ఒకటి లెవోడోపా, కార్బిడోపా కలిపింది. రెండోది ప్రమిపెక్సోల్. మీకెలా తెలిసింది?

మాత్రల_మనిషి
మందుల షాపులో కూర్చోవడం మొదలుపెట్టి 22 ఏళ్ళు. మీది నేను విన్న మూడో కథ. మొదటిది లాటరీ టిక్కెట్లు, రెండోది ఇంకా చెప్పుకోలేని వ్యవహారం.

పార్కిన్సన్స్‌లో మెదడు అడుగుభాగంలో డోపమైన్ అనే, కణాల మధ్య కబుర్లు మోసే రసాయనాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతుంటాయి. వణుకు కనబడేసరికే చాలా భాగం పోయి ఉంటాయి. లెవోడోపా మెదడులోకి వెళ్ళి డోపమైన్‌గా మారుతుంది. ప్రమిపెక్సోల్ మారదు. అది డూప్లికేట్ తాళంచెవి లాంటిది, డోపమైన్ పట్టే తాళాల్లో తానే దూరి తిప్పేస్తుంది. పైగా దానికి డి3 అనే రకం తాళమంటే ఎక్కువ ఇష్టం. ఆ తాళాలు ఎక్కువగా ఉన్నది ఆశ, ఉబలాటం, "ఇంకొక్కసారి" అనిపించే భాగంలో.

2005లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు ఇలా జూదంలో పడిన 11 మంది పార్కిన్సన్స్ పేషెంట్ల గురించి రాశారు. అందులో 9 మంది వాడింది ప్రమిపెక్సోలే. 2010లో అమెరికా, కెనడాల్లో మూడు వేల మందికి పైగా పేషెంట్లను చూస్తే, ఈ జాతి మందులు వాడేవాళ్ళలో 17 శాతం మందికి జూదం, కొనుగోళ్ళు, తిండి, శృంగారం, వీటిలో ఏదో ఒక దాని మీద అదుపు తప్పింది. వాడని వాళ్ళలో అది 7 శాతం దాకా ఉంది.

ఇప్పుడే చెబుతున్నా, మందు మీరే ఆపేయకండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ఈ వారమే.

కాలవ_చివర
మాస్టారూ, నాకు అర్థమైంది చెప్పనా. మాది కాలవ చివరి ఊరు. పొలాలకు నీళ్ళు అందడం లేదని గొడవ చేస్తే లాకుల దగ్గర తలుపు ఇంకాస్త ఎత్తుతారు. మాకు నీళ్ళొస్తాయి. పైన మా వియ్యంకుడి చేను మాత్రం మునుగుతుంది, ఆయనకి ముందే సరిపడా ఉన్నాయి కాబట్టి. ఇదీ అంతేనా?

మాత్రల_మనిషి
అంతే. నా పోస్టు తీసేసి ఇది పెట్టుకోవచ్చు. చెయ్యీ కాలూ కదిలించే భాగం ఎండిన చివరి చేను. కోరికల భాగానికి ఈ జబ్బులో నష్టం తక్కువ. నడక కోసం వదిలిన నీళ్ళు అక్కడ ముంచేస్తాయి.

గోదారి_గట్టు
కాలవ_చివర గారూ, వియ్యంకుడి చేను మునిగిందని మీరు బాధపడుతున్నట్టు లేదే.

కాజీపేట_జంక్షన్
మా మామగారికీ ఇదే జబ్బు. పేకాట కాదు, ఫ్యాన్లు. ఇంట్లో బాగా తిరిగే టేబుల్ ఫ్యాన్ విప్పుతారు, స్క్రూలన్నీ సైజుల వారీగా చాప మీద వరసపెడతారు, మళ్ళీ కలిపేస్తారు, మళ్ళీ విప్పుతారు. ఒక రాత్రి మూడింటికి లేచి చూస్తే చీకట్లో టార్చి పెట్టుకుని అదే పని. అన్నానికి పిలిస్తే చిరాకు. మేము మందు ఎక్కువైందని అనుకోలేదు, ఆయనకి కాలక్షేపం దొరికిందని సంతోషించాం.

మాత్రల_మనిషి
దీనికి పండింగ్ అని పేరు. డాక్టర్‌కి చెప్పండి అన్నా. ఇది కూడా డోపమైన్ మందుల వల్లే వస్తుంది. మీరు అడగకపోతే మామగారు తనంతట తాను చెప్పరు.

సందేహాల_రాయుడు
సరే, 17 శాతం. మరి మిగతా 83 మంది ఎందుకు తోటకి వెళ్ళలేదు? వాళ్ళూ అదే మాత్ర మింగారు కదా. అంటే తేడా మాత్రలో లేదు, మనిషిలో ఉంది. రేపు తాగి పెళ్ళాన్ని కొట్టేవాడూ "నాది కాదు తప్పు, నా మెదడుది" అంటాడు. అప్పుడూ ఇలాగే జాలిపడదామా?

వేపచెట్టు_టీచర్
రాయుడు గారి ప్రశ్న మంచిదే, ఉదాహరణే బాగోలేదు. తాగేవాడికి తాగితే ఏమవుతుందో తెలుసు, తెలిసే సీసా ఎత్తుతాడు. నడక కోసం మాత్ర వేసుకున్న మనిషికి పేకాట వస్తుందని ఎవరైనా చెప్పారా?

83 మంది సంగతికి వస్తే, 2010 నాటి ఆ అధ్యయనంలోనే ఎవరికి ఎక్కువగా వచ్చిందో కూడా చూశారు. వయసు తక్కువ ఉన్నవాళ్ళు, పొగతాగేవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా జూదం పిచ్చి ఉన్నవాళ్ళు.

తెనాలి_పెద్దోడు
టీచర్ గారూ, ఆ చివరి మాట చదివి ఫోన్ పక్కన పెట్టేశాను.

మా తాత పేకాటలో రెండెకరాల మాగాణి పోగొట్టాడు. నాన్నకి అప్పుడు పదకొండేళ్ళు. నాన్నమ్మ గాజులు తాకట్టు పెట్టడానికి వెళుతుంటే కూడా వెళ్ళింది ఈయనే. నాన్నకి ముక్కలంటే ఎందుకంత అసహ్యమో మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ దాన్ని దీనితో ముడిపెట్టి చూడాలని నాకు తట్టలేదు.

సందేహాల_రాయుడు
చూశారా, స్వభావమే.

వేపచెట్టు_టీచర్
స్వభావమైతే ఆయన యాభై ఏళ్ళు ఎలా ఆగారు? ఇంజన్ గురించే మాట్లాడుతున్నారు, బ్రేకు సంగతి ఎవరు చెబుతారు? నుదుటి వెనక ఉండే మెదడు భాగం పని అదే. ఇరవైల మధ్య దాకా అది పూర్తిగా ఎదగదు కూడా.

డల్లాస్_బావ
బ్రేకు అంటే ఫినియాస్ గేజ్ గుర్తొచ్చాడు. 1848లో అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో రైలు మార్గం పనిలో మందుగుండు పేలి, మూడున్నర అడుగుల ఇనుపకడ్డీ చెంపలోంచి దూరి నడినెత్తిన బయటికొచ్చింది. మనిషి చావలేదు. కానీ నెమ్మదస్తుడు కాస్తా నోటికొచ్చినట్టు తిట్టేవాడు, ఏ పనిలోనూ నిలవలేకపోయాడు, జీవితాంతం అలా పనికిరాకుండా పోయాడు.

వేపచెట్టు_టీచర్
చివరి ముక్క తప్పు బావగారూ. అందరూ అలాగే చెబుతారు. ఆయన ఆ తరువాత చిలీ దేశం వెళ్ళి కొన్నేళ్ళు గుర్రపు బండి తోలాడు. ప్రయాణికులు ఎక్కే పెద్ద బండి, కొండదారులు. బుర్రలో అదుపు లేనివాడు చేసే పని కాదు అది. 1860లో ఫిట్స్ వచ్చి పోయాడు. అంటే కొంత కోలుకున్నాడన్నమాట. రోజూ అదే దారి, అదే వేళ, అదే పని, అది ఆయన్ని నిలబెట్టి ఉంటుందని కొందరు పరిశోధకుల అభిప్రాయం.

డల్లాస్_బావ
ఇరవై ఏళ్ళుగా పార్టీల్లో ఈ కథ తప్పుగా చెబుతున్నానన్నమాట.

ఉప్పల్_సురేఖ
గేజ్ దాకా ఎందుకు, మా మరిదిని చూడండి. బైక్ మీద నుంచి పడ్డాడు. హెల్మెట్ ఉంది, ట్యాంకు మీద. అంతకుముందు వదినా అంటూ నెమ్మదిగా మాట్లాడేవాడు. ఇప్పుడు చుట్టాల ముందే బూతులు. తరువాత ఏడుస్తాడు, మళ్ళీ పది నిమిషాలకి అదే. స్కాన్‌లో నుదుటి వెనక దెబ్బ కనిపించింది. మా అత్తగారు ఆ ఫిల్మ్‌ను బీరువాలో చీరల మధ్య పెట్టుకున్నారు, ఎవరైనా కొడుకుని ఏమైనా అంటే తీసి చూపిస్తారు.

గోదారి_గట్టు
ఈసారి జోకు వేయను. మా అమ్మమ్మకి కుడివైపు మెదడులో స్ట్రోక్ వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. మంచం మీద ఆ చెయ్యి చూపించి "ఈ పిల్లెవరే, చెయ్యి నా మీద వేసి పడుకుంది, తియ్యమను" అనేది. గాజులు చూపించి నీ చెయ్యే అమ్మమ్మా అంటే, "నా గాజులు కూడా వేసుకుందా!" అంది. అందరం నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

ఆయుర్వేదం_ఆనందం
ఇంగ్లీషు మందుల ఫలితం ఇదే. అవన్నీ ఆపేసి దూలగొండి గింజల చూర్ణం పాలల్లో ఇవ్వండి. కంపవాతానికి మన పెద్దలు వాడిందే.

మాత్రల_మనిషి
ఆనందం గారూ, దూలగొండిలో ఉన్నదీ లెవోడోపానే. 1937లోనే దామోదరన్, రామస్వామి అనే మన శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి దాన్ని వేరు చేశారు. కాబట్టి మీ మందుని తక్కువ చేయడం లేదు. కానీ "అన్నీ ఆపేసి" అన్నారే, అది ప్రాణం మీదికి తెస్తుంది. లెవోడోపా ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోయి జ్వరంతో ఐసీయూ పాలవచ్చు. ప్రమిపెక్సోల్ ఠక్కున ఆపినా టెన్షన్, చెమటలు, దిగులు పట్టుకుంటాయి. గింజలో ఎంత మోతాదు ఉందో కొలవకుండా పైనుంచి చూర్ణం కలిపితే అది ఇంకో గొడవ.

వైజాగ్_సముద్రం
నాకు పార్కిన్సన్స్ లేదు, వయసు 34. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ ఉండి ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగితే కాబెర్గోలిన్ అనే మందు ఇచ్చారు. అదీ డోపమైన్ తాళాల మీద పనిచేసేదే. ఆరు నెలల్లో 41 చీరలు కొన్నాను. అందులో తొమ్మిది ఒకే రంగు, చిలకపచ్చ. రాత్రి రెండింటికి ఫోన్ పట్టుకునేదాన్ని.

ఇక్కడ చాలామంది "మందు చేయించింది" అంటున్నారు. నాకు ఒక్కసారి కూడా అలా అనిపించలేదు. ఎవరో వెనక నుంచి నెడుతున్నట్టు ఉండదు. ఆ చీర నాకు నిజంగా కావాలనిపించేది. ఎందుకు కావాలో కారణాలు కూడా చెప్పేదాన్ని, మా చెల్లెలి సీమంతానికి అని. చెల్లెలికి అప్పటికి పెళ్ళే కాలేదు. మోతాదు తగ్గించాక ఒకరోజు బీరువా తెరిచి ఇవన్నీ ఎవరివి అనుకున్నాను.

పెద్దోడు గారూ, అమ్మగారితో ఈ మాట చెప్పండి. ఆయన అబద్ధమాడుతున్నప్పుడు ఆయనకే అది అబద్ధమని తెలిసి ఉండకపోవచ్చు.

సందేహాల_రాయుడు
వైజాగ్ గారూ, ఇది నేను ఆలోచించలేదు. అయినా ఒకటి అడుగుతాను. లక్షా ఎనభై వేలు పోయాక కూడా బుద్ధి రాదా? నిప్పు కాలితే చిన్నపిల్లాడు కూడా చెయ్యి తీస్తాడు.

వేపచెట్టు_టీచర్
ఆ కాలడమే తెలియదు. 1990ల్లో షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన పని దీనికి ఆధారం. అనుకోకుండా పళ్ళరసం దొరికితే కోతి మెదడులో డోపమైన్ కణాలు చెలరేగేవి. లైటు వెలిగాక రసం వస్తుందని అలవాటయ్యాక, లైటుకే చెలరేగేవి, రసానికి కాదు. లైటు వెలిగి రసం రాకపోతే మాత్రం సరిగ్గా ఆ క్షణంలో చప్పబడిపోయేవి. ఆ చప్పబడటమే మనకి "అయ్యో, పోయింది" అనే పాఠం. రోజంతా డూప్లికేట్ తాళంచెవి తిరుగుతూనే ఉంటే ఆ పాఠం అందదు. గెలుపు తెలుస్తుంది, ఓటమి గుచ్చుకోదు.

కాలవ_చివర
మా ఊళ్ళో ఏ మాత్రా వేసుకోనివాళ్ళకి కూడా ఓటమి గుచ్చుకోవడం లేదు టీచర్ గారూ.

ఉప్పల్_సురేఖ
తోట ఒక్కటే కాదు, ఫోన్ కూడా చూడండి. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ మా తెలంగాణలో 2017 నుంచి, మీ దగ్గర 2020 నుంచి నిషేధమే. అయినా దొంగదారులు ఉంటాయి. బ్యాంకు కార్డు అమ్మగారి దగ్గర ఉంచండి.

తెనాలి_పెద్దోడు
మూడు వారాల తరువాత రాస్తున్నాను.

డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందు నాన్న ఖర్చుల డైరీలు తీశాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రోజూ రాస్తారు. జబ్బు తెలియకముందు ముత్యాల్లాంటి అక్షరాలు. తరువాత పేజీ పేజీకీ చిన్నవైపోయి చీమల బారులా అయ్యాయి. ఒకచోట "కందిపప్పు" అని అమ్మ చెబితే గానీ నాకు అర్థం కాలేదు. పోయిన ఏడాది మందు పెంచిన నెల నుంచి అక్షరం మళ్ళీ పెద్దదైంది, గుండ్రంగా, పాత దస్తూరీ. సరిగ్గా అక్కడి నుంచే "చిల్లర 200", "చిల్లర 500". ఆపైన వారం తిరక్కుండానే "చిల్లర 2,000". రాయడం మాత్రం మానలేదు. ప్రతి రూపాయీ రాశారు, చిల్లర అని.

డాక్టర్ డైరీనీ, పాత చీటీలనీ పక్కపక్కన పెట్టి చూశారు. ప్రమిపెక్సోల్ కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపాలని, వణుకు కాస్త పెరగొచ్చని, దానికి రెండో మందు సర్దుతామని చెప్పారు. పెంచినప్పుడే ఈ ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది. అడిగాను కూడా. "చాలామందికి రాదు కదండీ" అన్నారు.

మాత్రల_మనిషి
చాలామందికి రాదు, నిజమే. వచ్చినవాళ్ళు సిగ్గుతో చెప్పరు కాబట్టి ఇంకా తక్కువగా కనిపిస్తుంది. ఈ మాత్రలు కొనడానికి వచ్చే ప్రతి ఇంటివాళ్ళనీ ఇక నుంచి నేనే అడుగుతాను, "ఈమధ్య ఏమైనా ఎక్కువగా కొంటున్నారా?" అని.

కాజీపేట_జంక్షన్
మా మామగారికీ తగ్గించారు. ఫ్యాన్ వారం నుంచి ఫ్యాన్‌లాగే ఉంది.

తెనాలి_పెద్దోడు
రెండు నెలలు దాటింది. తోట వైపు వెళ్ళడం లేదు. చెయ్యి వణుకు పెరిగింది, టీ గ్లాసు సగమే నింపి ఇస్తున్నాం. అమ్మ మాట్లాడుతోంది, కానీ బీరువా తాళం మాత్రం బొడ్లోనే ఉంచుకుంటోంది.

మొన్న బాబాయి వస్తే నేను ఇదంతా చెప్పాను, మందు వల్ల జరిగింది, నాన్న తప్పు లేదు అని. నాన్న అరుగు మీద కూర్చుని వింటున్నారు. బాబాయి వెళ్ళాక పిలిచి, "నలుగురికీ అలా చెప్పకురా. అక్కడ కూర్చున్నది నేనే. ముక్క ఎత్తినప్పుడల్లా నా గుండే కొట్టుకుంది" అన్నారు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. కాసేపు చెయ్యి వణకకుండా రెండో చేత్తో పట్టుకుని కూర్చుని, "మరి మా నాన్నకి ఏ మాత్ర ఇచ్చార్రా?" అని అడిగారు.

తాతని ఆయన నా దగ్గర "మా నాన్న" అనడం అదే మొదటిసారి. ఎప్పుడూ "ఆ పెద్దమనిషి" అనేవారు.

సందేహాల_రాయుడు
దీనికి నా దగ్గర సమాధానం లేదు. టీచర్ గారు చెబుతారేమో.

వేపచెట్టు_టీచర్
నా దగ్గర కూడా లేదు. తాతగారి కాలంలో స్కానూ లేదు, చీటీ కూడా లేదు కదా.

వైజాగ్_సముద్రం
నాన్నగారి మొదటి మాట నాకు బాగా తెలుసు. "నీది కాదు తప్పు" అని అందరూ అంటుంటే నాకూ ఒళ్ళు మండేది. ఆ చీరల్లో రెండు ఇప్పటికీ కట్టుకుంటున్నాను, అవి నాకు నచ్చే కొన్నాను కాబట్టి.

తెనాలి_పెద్దోడు
గొడుగులు 11 ఉన్నాయి. మూడు చుట్టాలకి ఇచ్చాం. కొట్టువాడు వెనక్కి తీసుకోనన్నాడు. తెనాలి చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఊరికే ఇస్తాం.

గోదారి_గట్టు
నల్లవా, పూలవా?

తెనాలి_పెద్దోడు
అన్నీ పూలవే.